గీత మీద గడ్డి

నేను ఆసిలోస్కోప్ సొంతంగా కట్టుకోవడానికి మా ఆవిడ దృష్టిలో కారణం ఒక్కటే, నాకు ఇంట్లో కుదురుగా కూర్చోవడం చేతకాదు. నా దృష్టిలో కారణాలు చాలానే ఉన్నాయి గానీ, వాటిలో ఒక్కటీ ఆవిడ ముందు నిలబడదు. నేను పనిచేసే స్టీల్ ప్లాంటులో మంచి స్కోపులున్నాయి. వాటిని ఇంటికి తెచ్చుకోనివ్వరు, ఇవ్వకూడదు కూడా. కొత్తది కొనుక్కోవచ్చు. కొనేసుకుంటే ఇక నేను చేసేదేముంది?

స్కోప్ అంటే తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. వైరులో నడిచే సిగ్నల్‌ను తెర మీద గీతగా చూపించే పెట్టె అది. ఏమీ లేకపోతే గీత తిన్నగా పడుకుని ఉంటుంది. ఏదైనా ఉంటే ఎగురుతుంది. ఆ ఎగిరే తీరు చూసి, వైరుకు ఆ చివర ఉన్నదానికి ఏం జబ్బు చేసిందో చెబుతాం. ఇరవై ఎనిమిదేళ్లుగా నా ఉద్యోగం దాదాపు ఇదే. ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్లో టెక్నీషియన్ని. ఉక్కునగరంలో క్వార్టరు, వెనక చిన్న పెరడు, పెరట్లో నేను వేసుకున్న రేకుల షెడ్డు. షెడ్డు క్వార్టరు ప్లానులో లేదు. ఆవిడ మనసులో అసలే లేదు.

మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఐటీఐ ఇక్కడే చదివాను. అక్కడ నా పక్క బెంచీవాడు ఒకడుండేవాడు. సముద్రం ఒడ్డున వేటకెళ్లే కుటుంబం వాళ్లది. ఐటీఐ పాసైనా ఉద్యోగం జోలికి పోలేదు, వాళ్ల నాన్న వెనకాలే బోటెక్కాడు. ఇప్పుడు మెషిన్ బోటుకు సరంగు, అంటే బోటు నడిపేదీ, వల ఎక్కడ వెయ్యాలో చెప్పేదీ అతనే. బోటులో సగం వాటా అతనిది, సగం బావమరిదిది. మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. మొదటి రోజు నుంచీ నన్ను బావ అంటాడు, నేనూ అలాగే అంటాను.

అతని బోటు మీద పాతకాలం ఎకో మెషిన్ ఒకటి ఉండేది. బోటు అడుగున చెక్కకు కన్నం పెట్టి, అందులో అరచేతంత గుండ్రటి బిళ్ళ ఒకటి బిగిస్తారు. ఆ బిళ్ళ నీళ్లలోకి శబ్దం పంపుతుంది, నేలకు తగిలి తిరిగొచ్చినదాన్ని తనే పట్టుకుంటుంది. పైన క్యాబిన్లో పచ్చటి తెర మీద నేల గీతగా కనిపిస్తుంది. లోతు తెలుసుకోవడానికి అందరూ చూసేదే. ఇతను మాత్రం అందులో ఇంకా చాలా చూసేవాడు. గీత మందంగా, మెత్తగా ఉంటే కింద బురద. సన్నగా, గట్టిగా ఉంటే ఇసుక. దాని కింద ఇంకో గీత లీలగా కనిపిస్తే బండరాయి, అక్కడ వల వేస్తే చిరిగి పైకొస్తుంది. ఇరవై ఏళ్లు అదే తెర చూసి చూసి ఆ తేడాలు కంటికి పట్టేశాయి. ఎవరికైనా నేర్పమంటే నేర్పలేడు. ఒకసారి నాకు చూపించబోయాడు, నాకు మూడూ ఒకలాగే కనిపించాయి.

ఆ ఏడాది వేట చివరి రోజుల్లో మెషిన్ మొరాయించింది. తెర నిండా చుక్కలు, నేల కాసేపు కనిపించి కాసేపు మాయం. అంతలో వేట నిషేధం మొదలైంది. ఆ రెండు నెలలూ బోట్లు గట్టెక్కించి అడుగు గీకడం, రంగులెయ్యడం, చెక్కలు మార్చడం చేస్తారు. అతను బిళ్ళ ఊడదీసి, మెషినూ బ్యాటరీతో సహా ఆటోలో వేసుకుని మా క్వార్టరుకొచ్చాడు. బావమరిది కొత్త రంగుల మెషిన్ కొందామని పోరుతున్నాడట. అది పెడితే బిళ్ళ కూడా దానిదే, వేరే కన్నం. పాతది బాగయ్యేదైతే తను పాతదే ఉంచుకుంటానన్నాడు. ఆ సంగతి తేల్చమని నా దగ్గరికి తెచ్చాడు.

అప్పటికి నా స్కోప్ తయారై నెల కాలేదు. కుక్కపిల్లను తెచ్చుకున్నవాడిలా వచ్చినవాళ్లందరికీ చూపిస్తూ తిరుగుతున్నాను. తెరా, దాని వెనక బోర్డూ కొన్నవే. ముందు భాగం నాది. బలహీనమైన సిగ్నల్‌ను పట్టుకుని పెద్దది చేసే ఆప్-యాంప్‌లు ఉండేది అక్కడే. ఎనిమిది కాళ్ల చిన్న నల్ల చిప్పులు అవి. మొదట అందరిలాగే ఏడు నలభై ఒకటి నంబరుది వేశాను, ఐటీఐ రోజుల నుంచీ చేతికి అలవాటైనది కాబట్టి. అది మంచిదే గానీ మందకొడి. సిగ్నల్ కాస్త వేగంగా ఎగిరితే అందుకోలేక, గుండ్రటి అలను త్రికోణం చేసి చూపిస్తుంది. దాన్ని పీకి టీఎల్ సున్నా ఏడు రెండు వేశాను. అది వేగంగలది. గీత చక్కగా వచ్చింది, నేను పొంగిపోయాను.

నేను ఆలోచించనిది ఒక్కటే, వీటికి అన్నం పెట్టేదెవరు? ఆప్-యాంప్‌కు ప్లస్ పన్నెండు, మైనస్ పన్నెండు, రెండు రకాల వోల్టేజీ కావాలి. పద్ధతి ప్రకారం ట్రాన్స్‌ఫార్మరు పెట్టి తియ్యాలి. కానీ ట్రాన్స్‌ఫార్మరు బరువు. స్కోప్ సంచీలో వేసుకుని ఎక్కడికైనా తిరగాలని నా ఉబలాటం. అందుకని సెల్ ఛార్జరుకు తగిలించే అగ్గిపెట్టెంత మాడ్యూలొకటి పెట్టేశాను. అది కరెంటును సెకనుకు యాభై వేలసార్లు తుంచి, మళ్లీ అతికి కావలసిన వోల్టేజీ ఇస్తుంది. ఆ తుంపులన్నీ సిగ్నల్లో కలుస్తాయని పుస్తకాలన్నీ చెబుతాయి. నాకూ తెలుసు. కానీ ప్లాంటులో నా టేబుల్‌కు వచ్చే కరెంటు శుభ్రంగా, విడిగా వస్తుంది. దాని బాగోగులు ఎలక్ట్రికల్ సెక్షన్‌వాళ్లు చూసుకుంటారు. ఇరవై ఎనిమిదేళ్లలో గీత చెడితే అది సెన్సార్ తప్పే అయ్యేది, ఫర్నేసుల వేడికి సెన్సార్లు ఊరికే చస్తుంటాయి. సప్లైని అనుమానించాల్సిన అవసరం నాకు ఏ రోజూ రాలేదు.

పెరట్లో నీళ్ల డ్రమ్ములో బిళ్ళను వేలాడదీశాను. మెషిన్ పంపే దెబ్బకు నా చిప్పులు తట్టుకోలేవు కాబట్టి, చిన్న దెబ్బ నేనే పంపి, డ్రమ్ము అడుగుకు తగిలి తిరిగొచ్చేదాని కోసం తెర చూశాను. గీత తిన్నగా లేదు. దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకు దట్టంగా గడ్డి మొలిచినట్టుంది. అందులో తిరిగొచ్చిన దెబ్బ ఎక్కడుందో కనబడదు. గడ్డి వేగం కొలిచాను. సెకనుకు యాభై వేలు. బిళ్ళ పలికే వేగమూ అదే. ఇంకేముంది, బిళ్ళలోపల శబ్దం పుట్టించే పింగాణీ పలక పగిలింది, దెబ్బ తగిలాక ఆగకుండా తనలో తనే మోగుతోంది అనుకున్నాను. అలాంటివి ప్లాంటులో చూసి ఉన్నాను.

మాకు ప్లాంటులో ఒక పద్ధతుంది. ఏ సెన్సారైనా పోయిందని రాసేముందు రెండో మీటరుతో కొలవాలి, రెండో మనిషి సంతకం చెయ్యాలి. కొత్తగా వచ్చినవాళ్లకు అది నేర్పేది కూడా నేనే. ఆ రోజు పెరట్లో రెండో మీటరు లేదు. రెండో మనిషి ఉన్నాడు గానీ, అతను నన్ను నమ్మి వచ్చినవాడు.

బిళ్ళ పోయిందన్నాను. అతను డ్రమ్ములోకి తొంగి చూశాడు.

"కచ్చితమేనా బావ?"

"నా కళ్లతో చూశాను కదా" అన్నాను.

అతను బిళ్ళ తుడుచుకుని, మళ్లీ అన్నీ ఆటోలో వేసుకుని వెళ్లిపోయాడు. మా ఆవిడ పెట్టిన టీ సగమే తాగాడు. మెషిన్ విప్పి చూడాలని నాకు తోచనే లేదు. రోగం దొరికిపోయాక ఇంకా వెతికేవాడు డాక్టరెలా అవుతాడు!

పది రోజుల తర్వాత, నాకు బి షిఫ్టు వారం. పొద్దున్నంతా ఖాళీ. షెడ్డులో ఏదో రేడియో ముందేసుకుని కూర్చున్నాను, పదింటికి కరెంటు పోయింది. డ్రాయర్లో తొమ్మిది వోల్టుల బ్యాటరీలు రెండు కనిపించాయి. వీటితో స్కోప్ నడుస్తుందా అని సరదా పుట్టింది. ఒకటి ప్లస్‌కు, ఒకటి మైనస్‌కు తగిలించాను. తెరా, బోర్డూ పవర్ బ్యాంకు మీద పెట్టాను.

గీత తిన్నగా పడుకుని ఉంది. గుండుసూది మొనతో గీసినంత సన్నగా.

కరెంటు వచ్చాక మాడ్యూలు తగిలించాను. గడ్డి మొలిచింది. స్కోప్‌కు బయటి వైరేదీ లేదు, బిళ్ళ లేదు, డ్రమ్ము లేదు. అయినా గడ్డే. వేగం కొలిచాను, యాభై వేలు. మాడ్యూలు తీసి బ్యాటరీలు పెట్టాను, పోయింది. నాలుగుసార్లు అలా చేశాను. నాలుగోసారి దేనికో నాకు తెలియదు, మొదటిసారికే అర్థమైపోయింది.

భోజనాల దగ్గర ఆవిడకు చెప్పాను. ఆవిడకు ఆప్-యాంప్‌లు అక్కర్లేదు, విషయం పట్టేసింది.

"ముందు ఫోన్ చేసి చెప్పెయ్యండి. మీ పెట్టె తర్వాత బాగుచేసుకుందురు గాని" అంది.

నాకు చర్రున కోపమొచ్చింది. బిళ్ళ నా దగ్గర లేదు, తిరిగి చూడకుండా బాగుందని ఎలా చెబుతాను, సరిగ్గా తెలియకుండా చెబితే ఏం బాగుంటుంది అన్నాను.

"తెలియకుండానే కదండీ మొదటిసారి చెప్పారు" అంది ఆవిడ, పెరుగు వడ్డిస్తూ.

నేను చెయ్యి కడుక్కుని షెడ్డులోకి వెళ్లాను. మూడు వారాలు అక్కడే ఉన్నాను అనుకోవచ్చు.

నాకు నేను చెప్పుకున్నది ఇది: పద్ధతి ప్రకారం పోదాం. ముందు సప్లై మచ్చ లేకుండా కడదాం. తర్వాత వీలైనంత నిశ్శబ్దమైన ఆప్-యాంప్ వేద్దాం. అప్పుడు బిళ్ళ తెప్పించి, మళ్లీ కొలిచి, రెండోసారి తప్పు లేకుండా చెబుదాం. వినడానికి ఎంత బాగుంది! మొదటిసారి గుర్తుకురాని రెండో మీటరు, తప్పు నాదని తెలిశాక బాగా గుర్తొచ్చింది.

పూర్ణా మార్కెట్ దగ్గర సందులో చేత్తో ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే ముసలాయన ఒకడున్నాడు. పన్నెండు-సున్నా-పన్నెండు చుట్టమన్నాను. నాలుగు రోజులు పడుతుందన్నాడు. తొందరేం లేదు అన్నాను. అది అబద్ధం, కానీ అన్నప్పుడు నాకు హాయిగా ఉంది. ట్రాన్స్‌ఫార్మరు వచ్చాక ప్లస్‌కొకటి, మైనస్‌కొకటి, వోల్టేజీని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ చిప్పులు పెట్టాను. ఆ రెండూ చూడ్డానికి కవలల్లా ఉంటాయి, కాళ్ల వరస మాత్రం వేరు. ఐటీఐ పిల్లలకు కూడా తెలిసిన ఆ సంగతి మరిచి రెండూ ఒకేలా అతికాను. పొగ వచ్చింది. ఒక చిప్పు పోయింది, రెండు రోజులు గడిచాయి.

ద్వారకా నగర్లో కోచింగ్ సెంటర్ల మధ్య ఉండే విడిభాగాల షాపుకు ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. షాపాయన, ప్రాజెక్టు మీ అబ్బాయిదా సార్ అని అడిగాడు. అవునన్నాను. నాకు ఉన్నది ఒక్కతే కూతురు, బ్యాంకులో పని చేస్తుంది. ఒకసారి ఆయన చాలా మంచిదని ఇచ్చిన ఆప్-యాంప్ తెచ్చి, అనుమానమొచ్చి, మా ఆవిడ గోళ్ల రంగు తుడిచే మందుతో దాని వీపు రుద్దాను. పైన రాసిన నంబరు చెరిగి, కింద పాత నంబరు బయటపడింది. ఎవరో ఎక్కడో చవకదాని మీద మంచి పేరు అచ్చేశారు. ఆ రోజంతా లోకం మీద కోపంగా తిరిగాను. ఎదుటివాడి మోసం దొరికితే ఎంత తృప్తిగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

తర్వాత ఆన్‌లైన్లో తెప్పించాను. ప్రతి చిప్పు కాళ్ల పక్కనే నూట నాలుగు అని రాసి ఉండే కెపాసిటర్లు అతికాను, మిగిలిన అలజడి అవి మింగేస్తాయని. నాలుగు రకాల ఆప్-యాంప్‌లు మార్చి మార్చి, గీత మందం నోట్‌బుక్కులో రాసుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ నాలుగింటికీ నా పనికి తేడా ఏమీ లేదు. సప్లై శుభ్రంగా ఉంటే మొదట వేసిన టీఎల్ చిప్పే చాలు. అది కరెంటు పోయిన రోజే, రెండు బ్యాటరీలతో తేలిపోయింది.

రెండో వారంలో అతను ఫోన్ చేశాడు. నా చేతిలో అప్పుడు సోల్డరింగ్ ఐరన్ ఉంది. కొత్త మెషిన్ వచ్చేసిందట, వడ్రంగి వచ్చి కొత్త కన్నం పెడుతున్నాడట.

"పాత కన్నం మూసీమంటావేటి బావ?" అని అడిగాడు.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. ఇంకో రెండు రోజుల్లో చివరి చిప్పు వస్తుంది, అప్పుడు పూర్తిగా తెలుస్తుంది, అప్పుడు చెబుదాం అనుకున్నాను.

"ఉంచి ఏం చేస్తావ్" అన్నాను.

నిషేధం అయిపోయింది. బోట్లన్నీ ఒక్కసారే నీళ్లలోకి దిగాయి. వారం తర్వాత అతనే ఫోన్ చేసి, మామూలుగా చెప్పుకొచ్చాడు. కొత్త తెర మీద ఎరుపు, పసుపు, నీలం అన్నీ ఉన్నాయట, ఏది ఏదో అంతుపట్టలేదట. చేపల గుంపనుకుని బండ మీద వల వేశాడట. వల సగం అక్కడే ఉండిపోయింది, మిగిలిన సగం చిరిగి వచ్చింది. నిషేధం తర్వాత మొదటి వేటకే రొయ్యలు బాగా పడతాయి, దాని మీదే ఆ ఏడంతా ఆశ పెట్టుకుంటారు. వీళ్లు నాలుగో రోజే ఖాళీగా తిరిగొచ్చారు. బావమరిది ముభావంగా ఉన్నాడట. బోటు మీద కుర్రాళ్లు తనకు వినబడేలా నవ్వుకున్నారట, సరంగుకు కళ్లు పోయాయని.

ఆ చివరి మాట అతను నవ్వుతూనే చెప్పాడు.

మర్నాడు నాకు వీక్లీ ఆఫ్. స్కోప్ సంచీలో వేసుకున్నాను. ట్రాన్స్‌ఫార్మరు ఇంట్లోనే వదిలేసి, రెండు బ్యాటరీలూ పవర్ బ్యాంకూ పట్టుకుని బస్సెక్కి ఫిషింగ్ హార్బరుకు వెళ్లాను. అతను వలల షెడ్డులో ఉన్నాడు. చిరిగిన వల నేల మీద పరిచి, మధ్యలో కూర్చుని అల్లుతున్నాడు. పాత మెషినూ, బిళ్ళా మూలన గోనె కింద ఉన్నాయి. ఒకసారి చూస్తానన్నాను. ఎందుకని అడగలేదు, డ్రమ్ము చూపించాడు.

బిళ్ళను నీళ్లలోకి దింపి, చిన్న దెబ్బ పంపాను. తెర మీద గీత తిన్నగా సాగి, ఒకచోట నిటారుగా లేచి, మళ్లీ పడుకుంది. దాని పక్కనే అందులో సగం ఎత్తున రెండోది. నేను ఏమీ చెప్పక్కర్లేకపోయింది. అతను వల వదిలి వచ్చి నా భుజం మీంచి చూశాడు. ఇరవై ఏళ్లు చూసినది ఇదే కదా.

"అడుగు గట్టిది. సిమెంటు మీద ఉందీ డ్రమ్ము" అన్నాడు.

మెషిన్ వెనక ప్లగ్గు ఊడదీశాను. పిన్నులకు ఉప్పు పట్టి పచ్చగా చిలుమెక్కాయి. గరుకు కాగితంతో రుద్దితే పోయే జబ్బు. అదీ చూపించాను. తర్వాత, బిళ్ళ మొదటి నుంచీ బాగానే ఉందనీ, ఆ రోజు చెడ్డది నా పెట్టెలో సప్లై అనీ చెప్పాను. ఈ వాక్యం బస్సులో వచ్చినంతసేపూ తయారుచేసుకున్నాను. తప్పు లేకుండా వచ్చింది.

అతను బిళ్ళను నీళ్లలోంచి తీసి, లుంగీతో తుడిచి, కాసేపు తిప్పి చూశాడు. తప్పులెవరికైనా వస్తాయన్నాడు. ఒడ్డున పుట్టిన తనే బండ మీద వలేశాడు కదా అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతటితో అయిపోయిందనుకున్నాను.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అని అడిగాడు.

చెప్పాను. కరెంటు పోయిన రోజు, నిషేధం ఇంకా మూడు వారాలుండగా.

అతను లెక్క వేసుకున్నాడు. వేళ్ల మీద కాదు, నా మొహం చూస్తూ.

"అయితే వడ్రంగిని పక్కనెట్టుకుని నాను ఫోన్ సేసినప్పటికి నీకు తెలుసు."

అవునన్నాను. సరిగ్గా తేల్చుకుని చెబుదామని ఆగాననీ, మంచి చిప్పుల కోసం చూశాననీ, కొన్ని ఆన్‌లైన్లో రావడం ఆలస్యమైందనీ చెప్పాను. చెబుతున్నకొద్దీ నా గొంతు నాకే వినబుద్ధి కాలేదు. ఆపేశాను.

అతను వల దగ్గరికి వెళ్లి, అల్లిక ఎక్కడ ఆపాడో వెతుక్కుని కూర్చున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"ఆ పెట్టె ఏటి సెప్తాదో నాకెందుకు బావ. నాను అడిగింది నిన్ను."